గాలికనుమ చీలరాయి

మబ్బుగోడ పర్వతం కొమ్మున, ఒక కాలు తన దేశంలోనూ ఒక కాలు పరదేశంలోనూ పెట్టి నిలబడిన గుండనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదూ మరి! ఎడమ వైపు చూస్తే సౌరస్థలి. కంటిచూపు ఆనినంత మేరా ఎర్రటి బండనేల, నోళ్లు తెరిచిన చెరువులు, మోడులైన తుమ్మలు, సుళ్లు తిరిగే దుమ్ము. ఏరు పారిన చోట ఇసుక, ఇసుక తోడిన చోట రాయి. పట్టపగలు ఆ రాయి ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది. కుడి వైపు చూస్తే వర్షావతి. అక్కడి నేల ఏ రంగో చెప్పగల మొనగాడు లేడు, నేలంటూ కనిపిస్తేగా! ఏడు నదులు గట్లు మరిచి ఒకదానిలో ఒకటి దూరిపోయాయి. వాటి నడుమ అరటితోటల తలలు, పనసచెట్ల నడుములు, నాచు పట్టిన ఇంటికప్పులు. వాటన్నిటి మీదా నల్లమబ్బులు, బరువెక్కిన గేదెల మంద లాగా కదలక మెదలక కూర్చుని కురుస్తూనే ఉన్నాయి.

"మేము నాలుక పిడచగట్టి చస్తాంటే, వీళ్లు నీళ్లలో ఈతలు కొడతాండారు! మీ దుంపలు తెగ!" అని గుండన పళ్లు పటపట కొరికాడు.

ఈ గుండన ఎవరంటారా? రాజకుమారుడు మాత్రం కాడు. సౌరస్థలి రాజకుమారులు ఆ వేళ కోటలోని నేలమాళిగల్లో పడుకుని, వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లించుకుంటున్నారు. వాళ్ల సంగతి ఎత్తితే నాకే ఒళ్లు తెలియని కోపం వస్తుంది, కథ ఇక్కడే ఆగిపోతుంది. గుండన బావులు తవ్వేవాడు. బొమ్మలదిన్నె ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క బావిలో ఊరందరికీ తొమ్మిది రోజులకు సరిపడా నీళ్లున్నాయి. ఇంకా లోతుకు తవ్వబోతే గునపం బండకు తగిలి నిప్పులు రాలాయి. ఆనాడే గుండన ఊరు విడిచి బయలుదేరాడు. కొండ ఎక్కడానికి ఆరు రోజులు పట్టింది. ఇవాళ ఏడో రోజు.

రెండు దేశాల మధ్యా కొండను చీల్చినట్టు గాలికనుమ అని ఒక సందు ఉంది. ఒకప్పుడు ఏటా నలభై రోజులు ఆ సందులోంచే మబ్బులు సౌరస్థలికి వెళ్లేవి. పంట కోతల వేళ పొడిగాలి, ఎండా అదే సందులోంచి వర్షావతికి వచ్చేవి. ఎవరి దేశం తీరు వారిదే అయినా, ఆ నలభై నలభై రోజులతో రెండు చోట్లా జనం బతికేవారు. మూడేళ్ల కిందట ధూమ్రజటి అనే మాంత్రికుడు మంత్రబలంతో కొండంత గండశిలను తెచ్చి ఆ సందుకు అడ్డం కొట్టాడు. అంతే, మబ్బులు అటు, ఎండ ఇటు ఉండిపోయాయి. అది మాంత్రికుడి పని అని జనానికి తెలియదు; ఎదుటి దేశపు రాజే అడ్డం పెట్టించాడని రెండు చోట్లా నమ్మారు.

గుండన ఆ శిలను తన వైపు నుంచి చూశాడు. అరవై నిలువుల ఎత్తున నున్నటి గోడ. చెవి ఆనించి గునపంతో తట్టి విన్నాడు. బావుల వాళ్లకు రాయి మాట్లాడుతుంది. దీని పట్టు అంతా పైన మేకులాంటి ఒక చీలరాయి మీద ఉందనీ, అది అవతలి వైపు నుంచి దిగ్గొట్టి ఉందనీ తెలిసిపోయింది. అది పగిలితే శిలకు బీట పడుతుంది.

బయలుదేరేటప్పుడు ఊళ్లో ప్రతి ఇంటి నుంచీ ఒక్కొక్క గరిటెడు నీళ్లు తెచ్చి అతని తోలుతిత్తిలో పోశారు. నూట పన్నెండు ఇళ్లు, నూట పన్నెండు గరిటెలు. పురిటింట్లో ఉన్న చెల్లెలు పోలి కూడా తన వంతు పంపింది. తాగితే ఎవరి వంతు తాగినట్టు? ఒక్క గుక్క తాగి మూతి కట్టేశాడు. తాగేటప్పుడు కూడా, సౌరస్థలిలో మూడేళ్ల పిల్లలకు సైతం ఉన్న అలవాటు ప్రకారం, ఎడమ అరచెయ్యి గడ్డం కింద పట్టి, జారిన చుక్కను కళ్లకద్దుకున్నాడు. ఆ తర్వాత దారి పొడుగునా పిచ్చిదోసకాయలు నమిలి ప్రాణం నిలుపుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా గుండన కొండ దిగి, గునపం తాటాకు గొడుగుల మోపులో దాచి, గొడుగులు అమ్మేవాడి వేషంలో వర్షావతి రేవు అంగడిలో ఉన్నాడు. అంగడంటే పడవల మీద అంగళ్లు, వాటి మధ్య పలకల వంతెనలు, కింద మోకాలి లోతు నీళ్లు. ఒక ఇల్లాలు నిండు బిందెలో ఆకు పడిందని బిందెడు నీళ్లూ కుమ్మరించింది. ఇంకొకడు గేదె తోక కడగడానికి ఏడు కడవలు పోశాడు. చూస్తూ చూస్తూ గుండనకు కళ్లు ఎర్రబడ్డాయి. నీళ్లలో కాలు పెట్టడం సౌరస్థలిలో మహాపరాధం. అందుకని గుంట కనపడితే చుట్టూ తిరుగుతూ, రాయి మీంచి రాయి మీదకు గెంతుతూ నడుస్తున్నాడు.

"ఓ గొడుగులయ్యా! ఆగు!" ఒక పడవ వెదురుగడ వచ్చి అతని రొమ్ముకు అడ్డం పడింది. "బురదగుంటకి దణ్ణం పెట్టి చుట్టూ తిరిగెళ్లే మొగోణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్లేదు. ఎవరబ్బాయివేంటి?"

పిలిచినది మొగలి. రేవులో పడవ నడిపే మనిషి. ముప్పై ఏళ్లుంటాయి. నోరు ఎంత పెద్దదో భుజబలం అంతకు రెట్టింపు. గుండన జవాబు వెతుక్కునే లోపలే అతని మెడ పట్టి పడవ గూట్లోకి లాగి, చేపలు కోసే కత్తి గొంతుకు ఆనించింది.

"సౌరస్థలోడివి! కాదని చెప్పు, చూద్దాం!"

"అవును, సౌరస్థలోణ్ణే!" గుండన కత్తిని లెక్కచెయ్యకుండా అరిచాడు. "మీ రాజు మా వానను దొంగిలించినాడు. దాన్ని విడిపించుకు పోదామని వచ్చినా. పొడుస్తే పొడువు!"

"మీ వాన దొంగిలించామా? మేమా?" మొగలి కత్తి పక్కన పారేసి నడుముకు చేతులు పెట్టుకుంది. "ఓరి నీ మొహం మండా! పట్టుకుపోవయ్యా నీ వాన! మూటగట్టుకుని నెత్తినెట్టుకు పో! మా ఎండ మాకిచ్చేసి పో!"

"ఏందీ? ఎండా?"

"ఎండే! సూర్యుణ్ణి చూసి మూడేళ్లయింది. గాదెలో వడ్లు గాదెలోనే మొలకలొచ్చేశాయి. కుండలో ఉప్పు కుండలోనే నీరైపోయింది. కట్టుకున్న చీర ఒంటిమీదే బూజు పడతంది. పసిపిల్లల కాళ్లు వంకర్లు పోతన్నాయి. మా ఎండంతా లాక్కుని మీరక్కడ వెచ్చగా కాళ్లు చాపుక్కూర్చుంటారా?"

"వెచ్చగానా? రా తల్లీ, రా! మా ఊరి బండ మీద కూసో ఒక్క గడియ. వెచ్చగా ఉంటాదో, వేగిపోతాదో చూద్దువు గానీ! దూడలు మూతులు నేలకానించి చచ్చిపోయినాయి. మా యమ్మ కండ్లలో నీళ్లు కూడా రావడం మానేసినాయి. మా ఎండ మీకెందుకు పంపకుండా పోతామమ్మే, బండ్లకెత్తి పంపుతాం!"

"మరి మీ రాజు మా ఎండ కట్టేశాడని ధూమ్రజటి స్వామి చెప్పాడే!"

గుండన గబుక్కున ముందుకు వంగాడు. "ఎవరూ?"

"ధూమ్రజటి. కనుమలో ఉంటాడే, ఆయన."

"మాకూ ఆయప్పే చెప్పినాడు. మీ రాజు మా వాన కట్టేసినాడని."

పడవ గూటి మీద వాన దబదబా బాదుతోంది. ఎదుటి దేశాన్ని ఇన్నాళ్లూ తిట్టిన తిట్లన్నీ ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఇద్దరు రాజులూ పౌర్ణమికి దండెత్తాలని ముహూర్తాలు పెట్టుకున్నారు. రెండు సైన్యాలూ కనుమలో కొట్టుకు చస్తే రెండు సింహాసనాలూ ఎవరివి? దీనికి పంచాంగం చూడాలా? ఇంత చిన్న సంగతి ఇద్దరు రాజులకూ వాళ్ల మంత్రులకూ తట్టలేదు. తిని కూర్చునే బుర్రలు మరి!

"ఆ జడల వెధవని..." అంటూ మొగలి కత్తి మళ్లీ చేతిలోకి తీసుకుంది. "మా నాన్న పోయి రెండు నెలలైందయ్యా. కాల్చడానికి ఊళ్లో ఒక్క ఎండుపుల్ల లేదు. దేహాన్ని బానలో పెట్టి, మూతికి మైనం కొట్టి, అటక మీద దాచాను. ఈ చేతులతో దాచాను! పొయ్యి మీద ఒక్కొక్క పుల్లా ఆరబెట్టుకుంటూ కూర్చున్నాను. ఇదిగో, ఇప్పటికి ఒక్క మోపయింది."

వీపుకు కట్టుకున్న తోలుమూట విప్పి చూపించింది. వేలెడేసి, జానెడేసి చింతపుల్లలు. గుండన ఒక పుల్ల తీసి చేతిలో తిప్పి చూశాడు. సౌరస్థలిలో అలాంటివి కాలికి తగిలితే తన్ని పోతారు.

"కనుమకు అడ్డమున్న శిల పట్టంతా మీ వైపు చీలరాయి మీద ఉండాది. దాన్ని పగలగొట్టాల. నన్ను కనుమ వాకిలి దాటిస్తావా?" అన్నాడు.

"దాటిస్తాను. కానీ నువ్విలా గెంతుతూ వస్తే వాకిట్లోనే నీ తల తీస్తారు. అక్కడ కాపలా ఉండే ఆ జడలోడి బూడిద భటులు వచ్చినోడి ముందల్లా కడవెడు మంచినీళ్లు నేల మీద ఒలకబోస్తారు. మావోళ్లకి చీమ కుట్టినట్టుండదు. మీవోళ్ల చేతులు ఆగవు. అట్టా దొరికిపోయినోళ్లు ఇప్పటికి ఏడుగురు. దిగు కిందకి! కాలు పెట్టు నీళ్లలో!"

పెట్టాడు. కళ్లు మూసుకుని, మనసులో వంద లెంపలు వేసుకుని పెట్టాడు. మొగలి అతని చేత నీళ్లు తొక్కించింది, తన్నించింది, పడవలోని నీళ్లు దోసిళ్లతో తోడి బయటికి పోయించింది. పదోసారికి గుండన ఏడుపుగొంతుతో, "ఇంక చాలమ్మా, మా ఊరోళ్లు చూస్తే నన్ను ఎలేస్తారు" అన్నాడు. దాహం వేస్తే అతను నోరు తెరిచి వానకు పట్టాడే గానీ ముంత పట్టలేదు. ఆ ఒక్క పాఠం మాత్రం చెప్పాలని మొగలికి తట్టలేదు.

గాలికనుమ వాకిట్లో భటుల నాయకుడు బిడాలాక్షుడు. పేరుకు తగ్గ పిల్లికళ్లు, ఒళ్లంతా బూడిద. గొడుగుల మోపు చూసి సంతోషించాడు గానీ ముందు కడవ తెప్పించాడు. తేటనీళ్లు, అడుగున ఉన్న గులకరాయి కూడా కనపడేంత తేట. గుండన కాళ్ల ముందే వంచాడు. నీళ్లు గలగలమంటూ రాతిమీద పారి బురదలో కలుస్తున్నాయి. ఆ కడవతో పోలి, పుట్టిన బిడ్డ, అమ్మ నాలుగు రోజులు బతుకుతారు. గుండన పైకి మాత్రం పళ్లికిలించి ఆ నీళ్లను కాలితో ఇటూ అటూ చిమ్మాడు.

"మనవాడేరా!" బిడాలాక్షుడు నవ్వాడు. "పాపం తడిసి ముద్దయ్యారు. శొంఠి వేసిన బెల్లంనీళ్లు పొయ్యండ్రా వీళ్లకి."

గండం గడిచిందని మొగలి ఊపిరి వదిలింది. గుండన ముంత అందుకుని ఎత్తి గటగటా తాగాడు. తాగుతూ ఉంటే ఎడమ చెయ్యి దానంతట అదే లేచి గడ్డం కిందికి వచ్చింది. ఒక్క చుక్క జారింది. అరచేతిలో పడింది. దాన్ని భక్తిగా రెండు కళ్లకూ అద్దుకున్నాడు.

పిల్లికళ్లు సన్నబడ్డాయి.

"పట్టండి! సౌరస్థలి కుక్క!"

గుండన ముంత వాడి ముక్కు మీద విసిరాడు. మోపులోంచి గునపం లాక్కుని, గొడుగులను భటుల మీదకు తన్నాడు. పదిహేను గొడుగులు దొర్లి, విచ్చుకుని, దారి అంతా గందరగోళమైంది. ఒక కత్తి అతని భుజం గీరుకుంటూ పోయింది. మొగలి పడవగడ తిప్పి ఇద్దరిని బురదలో బోర్లా పడేసింది. "ఎన్నాళ్ల కసిరా ఇది!" అంటూ మూడోవాడి నెత్తిన వేసింది. ఇద్దరూ వాకిలి దాటి లోపలికి ఉరికి, వెదురుతలుపు ఈడ్చి, దానికి పడవగడ అడ్డం దూర్చారు. వెనక గొడ్డళ్లు పడటం మొదలైంది.

"తాగేటప్పుడు ఆ చెయ్యేంటయ్యా!" మొగలి పరిగెడుతూనే తిట్టింది.

"నాకు తెలిసి పెట్టినానా! అది పుట్టినప్పటి నుంచి ఆడనే ఉంటాది!"

లోపల కనుమ ఇరుకై, రెండు వైపులా కొండలు తలలు ఆనించుకుని గుహలా మారింది. అక్కడ వాన చుక్క కూడా పడటం లేదు. గోడలు పొడి, నేల పొడి. ఒక దేశాన్ని ముంచి, ఒక దేశాన్ని మాడ్చి, ఆ మహానుభావుడు తన పడక మాత్రం పొడిగా, చల్లగా అమర్చుకున్నాడు! గుండన ఉమ్మేసి ముందుకు నడిచాడు. ఎదురుగా గండశిల. అడుగున కొండంత మందం, పైకి పోయేకొద్దీ పలచన. మెట్లలా ఉన్న రాళ్లెక్కి వెళ్తే నల్లటి చీలరాయి, తలగడంత ఉంది. గునపంతో నాలుగు పోట్లు వేశాడు. గునపం మొన వంగింది గానీ రాయికి గీత కూడా పడలేదు.

"ఇంక ఒకటే దోవ. ఎర్రగా కాల్చి నీళ్లు కొట్టాల," అన్నాడు. "గునపం దిగని బండను మా తాతలు అట్లే చీల్చేటోళ్లు."

నిప్పుకు పుల్లలేవని అతను అడగలేదు. ఎలా అడుగుతాడు? మొగలి చీలరాయి వంక చూసింది. వెనక తలుపు విరుగుతున్న చప్పుడు వింది. వీపు మీది మూట విప్పి, పుల్లలన్నీ రాయి చుట్టూ తనే పేర్చింది.

"నాన్నా, తిట్టుకోకు. తిట్టుకుంటే ఆ జడలోణ్ణి తిట్టుకో," అని ఏడుస్తూ చెకుముకి కొట్టమంది.

చింతపుల్లలు భగ్గుమన్నాయి. రెండు నెలలు పొయ్యి మీద ఆరిన పుల్లలు! రాయి ముందు బూడిదరంగుకు, తర్వాత కుంకుమరంగుకు తిరిగింది. తలుపు సగం కూలింది. బిడాలాక్షుడి తల అందులోంచి లోపలికి వచ్చింది.

"నీళ్లు! నీళ్లేవి?" మొగలి చుట్టూ చూసింది. వానంతా భటుల వెనక ఉంది. ఇక్కడ ఉన్నది ఒక్క తిత్తే.

గుండన తిత్తి మూతి విప్పాడు. నూట పన్నెండు గరిటెలు. చీర కొంగు అడ్డం పెట్టుకుని ఎవరూ చూడకుండా పోలి పంపిన గరిటె కూడా ఇందులోనే ఉంది. ఏడు రోజులు ఎండలో మోశాడు. పెదాలు పగిలి నెత్తురు కారినా ఆ ఒక్క గుక్క తప్ప ముట్టలేదు. నీళ్లు నేలపాలు చేసిన చెయ్యి కుళ్లిపోతుందని చిన్నప్పుడు అమ్మ చెప్పింది.

"ధూమ్రజటీ!" కనుమంతా మోగేలా అరిచాడు. "ఇవి ఎవరి నీళ్లో తెలుసునారా నీకు?"

తిత్తి తలకిందులు చేశాడు.

ఫెళ్లుమని పిడుగు పడినట్టు చప్పుడైంది. ఆవిరి కమ్మేసింది. చీలరాయి నిలువునా చీలింది, దాని పక్కనే గండశిలలో జానెడు పగులు తెరుచుకుంది. మూడేళ్లు కట్టేసిన గాలి ఒక్క ఊపున ఆ పగులులోంచి అటువైపు దూసుకుపోయింది, దానితో తడి మబ్బు తునకలు కూడా. అటునుంచి సాయంకాలపు ఎండ ఒక బద్దలా లోపలికి వచ్చి మొగలి మొహం మీద పడింది.

మొగలి తిట్టడం మానేసింది. రెండు అరచేతులూ దోసిలి చేసి ఆ ఎండ కింద పట్టింది. నిండినట్టు కాసేపు చూసుకుని, కళ్లకద్దుకుంది.

అంతలో కనుమ కప్పు నుంచి పొగ జడలు జడలుగా దిగింది. "ఎవర్రా నా నిద్ర చెడగొట్టినవాళ్లు!" అని ఉరుములాంటి గొంతు. మంత్రం మొదలైంది. పగులు ముడుచుకుంటోంది. జానెడు కాస్తా నాలుగు వేళ్లయింది. మళ్లీ కాల్చడానికి పుల్ల లేదు, పోయడానికి చుక్క లేదు. తలుపు కూలి భటులు లోపలికి పడ్డారు.

గుండన ఆలోచించలేదు. ఎడమ చెయ్యి భుజం దాకా ఆ పగులులోకి దూర్చేశాడు. రాయి మోచేతి ఎముకను పట్టి నొక్కింది. కెవ్వుమన్నాడు గానీ చెయ్యి తియ్యలేదు. అరచెయ్యి అవతల, సౌరస్థలి గాలిలో తెరుచుకుని ఉంది.

"తియ్యవయ్యా! నలిగిపోద్ది!" మొగలి అతన్ని నడుం పట్టుకుని లాగింది.

"లాగొద్దు! గునపం తియ్యి! నా చెయ్యి పక్కనే దించు!" అంటూ గుండన ఉన్నట్టుండి ఆగిపోయాడు. పొగ జడ ఒకటి అతని మెడకు చుట్టుకుంటున్నా పట్టించుకోలేదు.

"మొగలీ," అన్నాడు. "అవతల నా చేతిలో వానచుక్క పడింది."